ఉలవల మీద విదేశీ కార్ల పందెం

జనవరి ఇరవై మూడు, మంగళవారం, పొద్దున ఏడు గంటల పది నిమిషాలు. దేశనూరు నుంచి కెంచనగుడ్డ దిక్కుకు పోయే కొత్త లింకు రోడ్డు, రెండో కిలోమీటరు రాయి. నేను రోలరు రేడియేటరులో నీళ్లు పోస్తున్నాను. సినిమావాళ్ల జీపు వచ్చి రాయి దగ్గర నిలబడింది. దాని ముందర తారు రోడ్డు కనపడలేదు. నూరు గజాల పొడుగున, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, ఎండిన ఉలవ చెట్లు మోకాలెత్తున పరిచి ఉన్నాయి. పరచమని చెప్పింది నేనే.

అప్పటికి నా రిటైర్మెంటుకు ఎనిమిది దినాలు. రోడ్ల డిపార్ట్‌మెంటులో నేను గ్యాంగ్‌మన్‌గా చేరినాను, అంటే గంప, పార పట్టుకొని గుంతలు పూడ్చే పని. తర్వాత రోలరు క్లీనరు. చివరి ఇరవై రెండేండ్లు రోలరు డ్రైవరు. ఈ పనంటే చానామందికి తమాషా. నడిచే మనిషి కూడా దాటిపోతాడు గదా అంటారు. దాటిపోనీ. రోలరు గంటకు నాలుగు కిలోమీటర్లకు మించి పోకూడదు, పోతే కింద మట్టి అణగదు. మధ్యలో మలపకూడదు, పోయిన దారినే వెనక్కి రావాల. పోయి వస్తే ఒక పాసు. ప్రతి పాసుకూ చక్రం సగం వెడల్పు, అంతకు ముందు తొక్కిన చోటి మీద పడాల. అన్నిటికీ లాగ్ బుక్కు ఉంటుంది. ఎన్ని గంటలకు మొదలుపెట్టినావు, ఎన్ని గంటలకు ఆపినావు, యాడ, ఏం పని, డీజలు ఎంత. కింద జె.ఇ. సంతకం. ఇంజనీర్లలో జె.ఇ. అందరికంటే చిన్న. మాకు మాత్రం ఆ చిన్నవాళ్లే పెద్ద.

ఆ పుస్తకం కోసమే నేను ముప్పై ఏడో ఏట అక్షరాలు నేర్చినాను. అంతవరకు వర్క్ ఇన్‌స్పెక్టరు రాస్తే వేలిముద్ర వేసేవాణ్ణి. ఒకసారి నేను కప్పగల్లులో ఉంటే సిరుగుప్పలో ఉన్నట్టు రాసినాడు. సంజాయిషీ నేను ఇచ్చుకున్నాను. ఆ నెలలోనే పలక కొన్నాను. ముందు కన్నడం వచ్చింది. ఆపైన తలకట్లు సర్దుకుంటే తెలుగూ వచ్చింది.

సోమవారం సాయంత్రం మా జె.ఇ. శ్వేత మేడం మోటారు సైకిలు మీద వచ్చింది. తారు పని అయిపోయింది. మిగిలింది ఎడమ పక్క మొరం అంచు, అంటే తారుకు ఆనుకొని పోసే ఎర్ర గులకమట్టి. అది గట్టిగా అణగకపోతే మొదటి వానకే తారు అంచు విరుగుతుంది. పొద్దున్నే ట్యాంకరుతో తడిపించి పెట్టినాను. తడిపిన మొరం మరుసటి దినం తొక్కాల. ఎండిపోతే దుమ్ము, వాన పడితే బురద. మేడం ఏం చెప్పిందంటే, మంగళవారం ఏడు నుంచి ఐదు దాకా రోడ్డు సినిమావాళ్లది, రోలరు కదలకూడదు, వాళ్లు పోయినాక తొక్కుకో అని.

"మేడమ్మా, పడమర దిక్కు మోడం ఉండాది. ఐదు దాకా వాన ఆగుతుందా?"

"నానేను మాడ్లప్పా గాదిలింగప్పా, పర్మిషన్ మేలిందా బందిదె," అనింది. పైనుంచి వచ్చిన పర్మిషనుకు తానేం చేస్తుంది. ఆ మాటా నిజమే.

ఏం సినిమా అని అడిగితే తనకు తెలిసింది చెప్పింది. మనవాళ్ల పిల్లలు, పదహారు పదిహేడేండ్ల వాళ్లు, విదేశంలో చదువుకోబోయి అక్కడి వీధుల్లో కార్ల పందేలు ఆడతారు. దానికిది రెండో భాగం. మొదటి భాగం నిజంగానే విదేశంలో తీసినారంట. రెండో భాగానికి విదేశం మన దేశనూరు దగ్గరికే వచ్చింది. చుట్టుపక్కల వరిమళ్లన్నీ కంప్యూటరులో చెరిపేసి మేడలు పెడతారంట. పగలు తీసి రాత్రి చేస్తారంట. నేను విన్నాను. నాకు పనికొచ్చిన మాట ఒకటే. రెండు కార్లు పొద్దున నుంచి సాయంత్రం దాకా ఒకే రోడ్డు మీద ముందుకూ వెనక్కూ తిరుగుతాయి.

మేడం పోయినాక హొన్నూరమ్మ వచ్చింది. ఆమె మెరక రోడ్డు పక్కనే. చుట్టూ ఉన్న మళ్లకు కాలువ నీళ్లు వస్తాయి గాని ఆ మెరకకు ఎక్కవు. అందుకే రెండెకరాలకూ ఉలవలు వేసింది. మొగుడు పోయి నాలుగేండ్లు, ఎద్దులు పోయి రెండేండ్లు. ఆ ఏడాదికి ఆమెకు ఆ ఉలవలే పంట. చెట్లు పీకి కుప్ప వేసి పన్నెండు దినాలైంది. నూర్పిడి మిషనువాడు రేపు మాపు అని తిప్పి, ఇంత చిన్న కుప్పకు మిషను తేలేనని ఆ దినమే తేల్చి చెప్పినాడంట. తడిస్తే కాయ నల్లబడి బూజు పడుతుంది. మోడం చూసి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

మా సీమలో కొత్త రోడ్డు వేస్తే మొదట ఎక్కేది బస్సు కాదు, పంట. ఉలవలు, జొన్న కంకులు, కొర్రలు ఏవైనా సరే రోడ్డు మీద పరుస్తాము, పోయే బండ్లు తొక్కి నూరుస్తాయి. నూర్పిడికి రోడ్డుకన్నా మంచి కళ్లం లేదు. ఇది డిపార్ట్‌మెంటు ఒప్పుకోదు. గ్యాంగ్‌మన్ కాలం నుంచి ఎన్నోసార్లు నేనే తీయించినాను. ఆ సాయంత్రం మాత్రం నా బుద్ధి డ్రైవరుగా పని చేయలేదు, రైతుగా పని చేసింది.

"హొన్నూరమ్మా, రేపు పొద్దుగూకులు ఈడ కార్లు తిరుగుతాండాయి. రాయి దగ్గర నుంచి పరిచేయి."

"వాళ్లేమన్నా అంటారేమోన్నా."

"తిరిగే బండి ఏమంటాది? తొక్కుకొని పోతాది."

ఆమె, ఆమె ఆడబిడ్డ ఈరమ్మ, ఇద్దరూ చీకటితోనే మోసి పరిచేసినారు.

జీపులోంచి దిగిన మనిషి మేనేజరు సుబ్బరాజు. కోస్తా మనిషి, ఒళ్లు బరువు. ఉలవల ముందర నిలబడి చెప్పు కొనతో ఒక చెట్టును కదిపి చూసినాడు. తర్వాత నన్ను పిలిచి, ఇదేమిటయ్యా అన్నాడు. ఉలవలు అన్నాను. ఉలవలని నాకు తెలుసు, నా రోడ్డు మీద ఎందుకున్నాయి అన్నాడు. రోడ్డు మీద కాక యాడ ఉంటాయి అన్నాను. ఆయన ఫోను తీసినాడు.

వెనక ఇంకో బండిలోంచి మిగతావాళ్లు దిగినారు. అందరూ కలిపి ఏడుగురు. మొదటి భాగానికి నూటయాభై మంది విమానం ఎక్కినారని తర్వాత వాళ్లే చెప్పినారు. డైరెక్టరు కార్తీక్‌కు ముప్పై ఉంటాయేమో, నాలుగు దినాలుగా నిద్ర లేని ముఖం. కెమెరామన్ మణి. హీరో జశ్వంత్. పందెంలో హీరోకు ఎదుటివాడు దినకర్. పెద్ద గాలి ఫ్యాను చూసుకునే మస్తాను. మేకప్పూ వంటా రెండూ చేసే పద్మమ్మ. మేనేజరు సంగతి ముందే చెప్పినా కదా. హీరోకు సినిమాలో పదిహేడేండ్లంట. మనిషికి ముప్పై మూడు, మోకాలికి పట్టీ, కూతురు బడికి పోతుంది. పద్మమ్మ ఆయన గడ్డం రెండుసార్లు గీకించి పౌడరు పూసి పదిహేడేండ్లకు దించింది. ఇరవై ఐదు దగ్గర ఆగినాడు.

కార్లు కూడా అట్లాంటివే. రెండు పాత టాక్సీలకు పైన ఫైబరు తొడుగులు, ఒకటి పసుపు, ఒకటి నలుపు. అక్కడ స్టీరింగు ఎడమ పక్క ఉంటుందంట, వీటికి కుడి పక్క. అందుకని ఉన్నట్టే తీసి, తర్వాత బొమ్మను అద్దంలో చూపినట్టు తిప్పేస్తారంట. దానికి తగినట్టు ఊర్ల పేర్ల బోర్డులు కూడా అద్దంలో అక్షరాల మాదిరి రాసి తెచ్చినారు. కష్టపడి ఇంగ్లీషు కూడబలుక్కునేవాణ్ణి, ఆ బోర్డు చూసినాక నా చదువు మీద నాకే అనుమానం వచ్చింది.

కార్తీక్ ఉలవలు చూసి రోడ్డు మీద కూలబడినాడు. మణి మాత్రం వంగి, ఒక కన్ను మూసి, చాలాసేపు చూసి, "సార్, ఆకు రాలే కాలం," అన్నాడు.

కార్తీక్ లేచినాడు. తను కూడా ఒక కన్ను మూసి చూసినాడు. అక్కడి వీధుల్లో చలికాలం ముందు ఎర్రగా ఎండిన ఆకులు రాలి రోడ్డంతా ఇట్లాగే కప్పేస్తాయంట. లారీలతో ఆకులు తెచ్చి పోయించినా ఈ రంగు రాదు అన్నాడు. సుబ్బరాజు ఏదో చెప్పబోతే, తీయొద్దు, ఒక్క ఆకు కూడా కదపొద్దు అన్నాడు.

హొన్నూరమ్మ గట్టు మీద నుంచి అడిగింది. "ఏమంటాండారన్నా?"

"నీ ఉలవలు విదేశానికి పోతాండాయంట."

"తొక్కుతారా, తొక్కరా?"

"తొక్కుతారు."

"ఐతే యాడికన్నా పోనీ."

మొదటి షాటు తొమ్మిదిన్నరకు తీసినారు. పసుపు కారులో జశ్వంత్, నల్ల కారులో దినకర్. ఆ కార్లు ఎంత తొక్కినా నలభై దాటవు, మిగతా స్పీడు కంప్యూటరు ఇస్తుందంట. ఆ నలభై కూడా ఎక్కువైంది. కాయ పగిలి గింజ తారు మీద పడితే గోలీలు పోసినట్టే. పసుపు కారు ఉలవల్లోకి వచ్చి, రెండు చుట్లు గిర్రున తిరిగి, రోడ్డు దిగి, నాట్లకు దమ్ము చేసి పెట్టిన మడిలో తలుపుల దాకా దిగబడింది. అందులో కొంగలు తప్ప ఎవరూ లేరు, అవి కూడా కొంచెం జరిగి నిలబడినాయి. జశ్వంత్‌కు దెబ్బలేమీ తగల్లేదు. తొడల దాకా బురదతో గట్టెక్కి, చాలా మర్యాదగా, నేను ఇంక దీని మీద నడపను సార్ అన్నాడు. పదిహేడేండ్లవాడు ఆ మాట అనడు. ఇంట్లో బిడ్డ ఉన్నవాడు అంటాడు.

అందరూ పట్టి కారును తోసి బయటికి తెచ్చేటప్పటికి పదిన్నర. పడమర మోడం కెంచనగుడ్డ ఏటి మీదికి వచ్చేసింది. సుబ్బరాజు చేతిలో చీపురు కట్టలతో వచ్చినాడు. ఇదంతా ఊడ్చి కాలువలోకి నెట్టేయండి, నాకు సాయంత్రం దాకానే పర్మిషను అన్నాడు. మళ్లీ కుప్ప వేసుకుంటారులే అన్నాడు మణి. వేసుకోవడానికి వీల్లేదు. అప్పటికే సగం కాయ పగిలింది. ఎత్తితే గింజ రోడ్డు మీదా బురదలోనూ రాలిపోతుంది, చెత్త చేతికొస్తుంది. ఎత్తకపోతే రోడ్డు రాదు. వాన పడితే ఎవరికీ ఏదీ రాదు.

హొన్నూరమ్మ వచ్చి ఉలవల నడుమ కూచుంది. 

"అమ్మా, లెయ్యండి, కారు వస్తుంది," అన్నాడు సుబ్బరాజు.

"రానీప్పా. నీ కారు యాడ తొక్కుతాదో చూసినాను గదా. రోడ్డు మీద తప్ప అన్నిచోట్లా తొక్కుతాది."

"ఆ గడ్డి కోసం..."

"గడ్డి నీ నెత్తిన ఉండాది, ఈడ ఉండేది ఉలవలు," అనింది ఈరమ్మ. సుబ్బరాజు విగ్గు సంగతి ఆమెకు ఎట్లా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆయన నా వైపు తిరిగి, నువ్వు గవర్నమెంటు మనిషివి, ఈమెను లేపు అన్నాడు. హొన్నూరమ్మ కూడా నా వైపే చూసింది.  అన్నా అని వచ్చి చెప్పుకుంటే పరచమన్నవాణ్ణి నేను. అప్పుడు చెప్పినాను, పరచమనింది నేను, తప్పు ఆమెది కాదు, ఉలవలదీ కాదు, స్పీడుది అని. నూర్పిడికి బండి మనిషి నడక కన్నా జోరుగా పోకూడదు. బ్రేకు వేయకూడదు, మలపకూడదు, పోయిన దారినే వెనక్కి రావాల. అట్లా పోతే జారదు.

కార్తీక్ నవ్వలేక నవ్వినాడు. "పెద్దాయనా, ఇది రేసు."

"మీరెట్లాగూ మిషనులో స్పీడు పెంచుతారంట గదా. నలభైని పెంచే మిషను నాలుగును పెంచలేదా?"

కార్తీక్ మణి వైపు తిరిగినాడు. మణి తల ఊపినాడు. పెంచొచ్చు సార్, కెమెరాను తక్కువ వేగంతో తిప్పి తర్వాత మామూలుగా వేస్తే గంటకు నూట ఎనభైలో పోయినట్టు కనిపిస్తుంది అన్నాడు. కాకపోతే కార్ల ముందర కెమెరా పెట్టుకొని అంతే నిదానంగా, కుదుపు లేకుండా పోయే బండి కావాల. జీపు నాలుగు మీద నిలవదు, ఎగిరెగిరి పడుతుంది. అట్లాంటి బండి యాడ దొరుకుతాది అన్నట్టు చుట్టూ చూసి, చివరికి నా వెనక చూసినాడు.

ఇట్లా కదిలించడానికి నాకు ఉత్తరువు లేదు. మేడంకు ఫోను చేసినాను. సినిమావాళ్లే రోలరును కదల్చమంటున్నారు, మొరం అంచు మీద నా పాసులు నేను వేసుకుంటాను, వాళ్ల కెమెరా వాళ్లు పెట్టుకుంటారు అని చెప్పినాను. ఉలవల సంగతి చెప్పలేదు. అంచు తొక్కితే తొక్కప్పా అని ఒప్పుకుంది.

పదకొండుంపావుకు మొదలుపెట్టినాము. మొరం అంచు మీద నేను, రోలరు వెనక తట్టు కెమెరా, ఇంజను అదురు తగలకుండా దాని కింద ఎండిన ఉలవ ఆకు నింపిన రెండు సంచులు. నా వెనక తారు మీద, ఉలవల మీద, పసుపు కారు, నల్ల కారు. నడక వేగంతో. విదేశంలో ప్రాణాలకు తెగించిన పందెం అది.

కష్టమంతా నటించేవాళ్లది. కారు నిదానంగా పోతే ముఖం కూడా అంతే నిదానంగా నటించాల. లేకపోతే తర్వాత స్పీడు పెంచినప్పుడు కోతి ముఖం మాదిరి అదురుతుందంట. జశ్వంత్ ఒకసారి కోపంగా పక్కకు చూసేదానికి ఒకటిన్నర నిమిషం పట్టింది. దినకర్ అరవాల. ఆయన నోరు తెరవడం రెండో కిలోమీటరు రాయి దగ్గర మొదలుపెట్టి, మూయడం అయ్యేటప్పటికి నూరు గజాలు అయిపోయింది. ఈరమ్మ గట్టు మీద నుంచి, ఆ పిల్లోనికి పన్ను నొప్పేమో అడగండి అనింది.

నూరు గజాలు పోయినాక నేను గేరు మార్చి వెనక్కి వచ్చినాను, రోలరు పద్ధతి అది. కార్లు మలపడానికి వీల్లేదు గనుక అవీ వెనక్కే వచ్చినాయి. కార్తీక్ తల పట్టుకున్నాడు. మణి, వెనక్కి పోయింది తిప్పి వేస్తే ముందుకు పోతుంది సార్ అన్నాడు. అప్పటి నుంచి సగం పందెం రివర్సులో తీసినారు.

నాలుగు పాసులకు ఒకసారి ఉలవలు తిరగేయాల. కిందివి పైకి, పైవి కిందికి. హొన్నూరమ్మ, ఈరమ్మ పంగల కట్టెలతో దిగినారు. కార్తీక్ అడ్డం వచ్చినాడు. ముందు షాటులో ఆకులు ఎట్లా ఉన్నాయో తర్వాత షాటులోనూ అట్లాగే ఉండాలంట.

"కిందివి పైకి రావాలప్పా," అనింది హొన్నూరమ్మ.

"పైన ఉన్నవి పైనే ఉండాలమ్మా, చూసేవాళ్లకు తెలిసిపోతుంది."

"ఏం తెలుస్తుంది? ఉలవలు తిరగేసినారని తెలుస్తుంది. తిరగేయకుండా ఎవరు నూరుస్తారు? చూసేవాళ్లకు బుద్ధి ఉండదా?"

గాలి వచ్చి ఆకులు తిరగబడినాయని ఒక షాటు కలుపుకొని కార్తీక్ సర్దుకున్నాడు. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు నేను ఇరవై నాలుగు పాసులు వేసినాను. మొరం అంచుకు మామూలుగా ఎనిమిది చాలు.

పద్మమ్మ పప్పూ అన్నం వండింది, అందరం రోడ్డు మీదే తిన్నాము. నూర్పిడి అయింది. ఇంక గింజను పొట్టు నుంచి వేరు చేయాల, దానికి గాలి కావాల. మోడం పట్టిన దినం గాలి ఆడదు. హొన్నూరమ్మ చేటతో ఎత్తి పోసి చూసింది, పొట్టూ గింజా కలిసే కింద పడినాయి. ఇంత దూరం వచ్చి మళ్లీ మొదటికి వచ్చింది పరిస్థితి. ఆమె చేట కింద పెట్టి మోడం వైపు చూసి, మస్తాను ఫ్యాను వైపు చూసింది. మనిషి ఎత్తు ఫ్యాను అది, జనరేటరు మీద తిరుగుతుంది. హీరో జుట్టు ఎగరడానికి తెచ్చినారు.

"ఆయన జుట్టు ఎగిరితే ఏమొస్తాదప్పా? ఇటు తిప్పు," అనింది మస్తానుతో.

మస్తానుది ఆదోని దగ్గర పల్లె. వాళ్లమ్మ కూడా చేట పట్టిన మనిషే. డైరెక్టరును అడగకుండానే తిప్పినాడు. రెండు గంటల నుంచి ఇద్దరు ఆడవాళ్లూ ఎత్తి పోస్తే గింజ కాళ్ల దగ్గర కుప్ప పడింది, పొట్టు తెల్లగా లేచి రోడ్డంతా కమ్మేసింది. సుబ్బరాజు తుమ్ముతూ జీపులో కూచొని అద్దాలెక్కించుకున్నాడు. ఫ్యాను కోసం వెతుక్కుంటూ వచ్చిన కార్తీక్ ఆ పొట్టులో నిలబడిపోయినాడు.

"మణీ, మంచు," అన్నాడు.

పొద్దున ఆకు రాలే కాలం, మధ్యాహ్నం మంచు కాలం. పందెం ఒక్క రాత్రిలో జరిగేదని ముందు చెప్పినారు. ఇప్పుడు రెండు కాలాలు పట్టింది. కథ మార్చుకుంటానులే అన్నాడు కార్తీక్. మళ్లీ పదహారు పాసులు వేసినాను, పొట్టు మంచులో. మొత్తం నలభై.

నాలుగున్నరకు మొదటి చినుకు పడింది. గింజ అప్పటికి ఐదు మూటలైంది. మిగిలిన షాటు ఒకటే, పందెం ఎవరు గెలిచినారనేది. జశ్వంత్ పసుపు కారులో కూచొని సిద్ధంగా ఉన్నాడు. మణి కెమెరాకు గోనెపట్టా కప్పుతున్నాడు, ఒక్క నిమిషం ఆగుతుందేమో చూద్దాం అని. నా రోలరుకు పైకప్పు ఉంది గాని పక్కలు లేవు, మూటలు తడుస్తాయి. ఊరు రెండు కిలోమీటర్లు. హొన్నూరమ్మ ఒక మూట నెత్తికెత్తుకొని నడవడం మొదలుపెట్టింది. ఐదు మూటలకు ఐదుసార్లు తిరగాల. అది చూసి జశ్వంత్ కారు దిగి, మూట ఆమె నెత్తి మీద నుంచి దించి వెనక సీటులో పెట్టినాడు. తర్వాత మిగతా నాలుగు. దినకర్ అందించినాడు. ఈరమ్మ ముందు కూచొని దారి చూపింది. ఉలవలు లేని ఖాళీ తారు రోడ్డు అది, నేను తొక్కిన రోడ్డు. ఆ మనిషి మోకాలి పట్టీ మరిచిపోయి తొక్కినాడు. నలభై దాటని కారు అరవై పోయింది, ఫైబరు తొడుగు ఒక పక్క ఊడి ఎగురుతా ఉంది. ఆ దినమంతటికీ నిజంగా జోరుగా పోయిన కారు అదొక్కటే, దాన్ని మాత్రం ఎవరూ తీయలేదు. కార్తీక్ వానలో నిలబడి చూసినాడు. కెమెరా కప్పేసి ఉంది.

మూటలు తడవకుండా హొన్నూరమ్మ ఇంట్లోకి పోయినాయి. తర్వాత వాన గంటన్నర దంచింది. మొరం అంచు చెక్కు చెదరలేదు.

ఐదున్నరకు మేడం గొడుగుతో వచ్చింది, ఎవరో ఫోను చేసినట్టున్నారు. రోడ్డు మీద తడిసిన పొట్టు, అద్దం అక్షరాల బోర్డు, మడిలో కారు దిగిన గుంత, అన్నీ చూసింది. నేను లాగ్ బుక్కు ఇచ్చినాను. పని అన్న గడిలో నేను రాసింది ఇది: మొరం అంచు రోలింగ్ నలభై పాసులు, దాంతోపాటు ఉలవల నూర్పిడి, కెమెరా మోసుడు. మేడం రెండుసార్లు చదివింది. ఇందులో అబద్ధం ఏది అని అడిగింది. ఏదీ లేదన్నాను. ఉలవలు మీ రోలరు తొక్కలేదు గదా, కార్లు తొక్కినాయి, అది వాళ్ల లాగ్ బుక్కులో ఉండాల అనింది. అది న్యాయంగా తోచింది. ఆ ముక్క నేను కొట్టేసినాను. కెమెరా మోసుడు ఉంచినాము. ఆమె సంతకం పెట్టింది. ఎనిమిది దినాలకు నేను రిటైరైనాను, ఆ పేజీ గురించి ఎవరూ ఏమీ అడగలేదు.

సినిమా ఆ ఏడాది వానాకాలంలో సిరుగుప్పకు వచ్చింది. నేను, హొన్నూరమ్మ, ఈరమ్మ పోయినాము. మా దినమంతా తెర మీద పదకొండు సెకండ్లు. మడులు పోయి మేడలు వచ్చినాయి, పగలు పోయి రాత్రి వచ్చింది, బోర్డులు సరిగ్గా తిరిగినాయి, రోలరు యాడా లేదు. కార్లు కంటికి ఆనలేదు, అంత జోరు. పందెం ఎవరు గెలిచినారో తెలియకుండానే ఇంకో సీను వచ్చేసింది. ఒకటి మాత్రం చెరపడం మరిచినారు. అంత పెద్ద విదేశీ నగరంలో, మంచులో, ఫుట్‌పాత్ మీద ఒక తెల్లకొంగ వెనక్కి నడుచుకుంటూ పోయింది. హాల్లో ఎవరూ గమనించలేదు. హొన్నూరమ్మ మాత్రం, మన మడిలోదే అనింది.

ఈ పని చేయాలనుకునే పిల్లలకు నేను చెప్పగలిగింది ఇంతే. రోడ్డు మీద ఏం జరుగుతోందో డ్రైవరుకు అక్కర్లేదు, ఏ వేగంతో జరుగుతోందో కావాల. ఎవరికైనా రోడ్డు చూపించి ఫలానా పనికి పనికొస్తుందని చెప్పే ముందు, మరుసటి దినం ఆ రోడ్డు ఎవరి చేతిలో ఉంటుందో కనుక్కోవాల. నేను కనుక్కోలేదు. ఎనిమిది చాలిన అంచుకు నలభై పాసులు పడినందుకు ఆ నూరు గజాలు మూడు వానాకాలాలైనా విరగలేదు, మిగతా అంచు రెండు చోట్ల విరిగింది.

ఆ దినం అక్కడ ఉన్నవాళ్లు: డైరెక్టరు కార్తీక్, మేనేజరు సుబ్బరాజు, కెమెరామన్ మణి, జశ్వంత్, దినకర్, ఫ్యాను మస్తాను, మేకప్పూ వంటా చేసిన పద్మమ్మ, సాయంత్రం ఐదున్నరకు వచ్చిన జె.ఇ. శ్వేత మేడం, ఈరమ్మ, హొన్నూరమ్మ, రోలరు డ్రైవరు గాదిలింగప్ప.